బందరు రోడ్డు మీద బాపు మ్యూజియం: పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్తే ఏం చూడాలి?

అరండల్‌పేట అమ్మ | శనివారం, ఉదయం 9:10

అందరికీ నమస్తే. మాది గుంటూరు. దసరా సెలవుల్లో ఒకరోజు బెజవాడ వద్దామనుకుంటున్నాం. నేను, ఏడో తరగతి చదివే మా వాడు, మా మామయ్యగారు. మామయ్యగారు తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయనకి చరిత్ర అంటే ప్రాణం, మా వాడికి ఫోన్ అంటే ప్రాణం. ఇద్దరికీ నచ్చే చోటు కావాలి. పాత విక్టోరియా మ్యూజియాన్ని గాంధీగారి పేరుతో బాపు మ్యూజియంగా మార్చారట కదా, వెళ్తే ఒక పూటకి సరిపోతుందా? మామయ్యగారు ఎక్కువ మెట్లు ఎక్కలేరు, ఎక్కువసేపు నిలబడలేరు కూడా.

కృష్ణలంక కుర్రోడు | శనివారం, ఉదయం 9:31

దసరాకా మేడం! ఆ రోజుల్లో ఊళ్లో ఉన్న మేమే వన్‌టౌన్ వైపు వెళ్లం. సగం రోడ్లు మూసేస్తారు, మిగతా సగంలో జనం. దీపావళి దాటాక రండి. నూట ముప్పై ఏళ్ల పైబడిన భవనం, ఇంకో నెల ఆగుతుంది.

పటమట పద్మ | శనివారం, ఉదయం 10:05

పిల్లలకి బాగుంటుంది, నిస్సందేహంగా వెళ్లండి. 2020 అక్టోబరు 1న, గాంధీ జయంతికి ముందురోజు, కొత్త పేరుతో మళ్లీ తెరిచారు. టచ్ స్క్రీన్లు, ఫోన్‌తో స్కాన్ చేస్తే వినిపించే వివరాలు అన్నీ ఉన్నాయి. మా పిల్లలైతే విగ్రహం కన్నా ముందు స్క్రీన్ దగ్గరికి పరిగెత్తారు. మీ వాడి ఫోన్ పిచ్చికి అక్కడ లైసెన్స్ దొరికినట్టే.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. ప్రభుత్వ మ్యూజియాలకి వారంలో ఒకరోజు సెలవుంటుంది. అంతదూరం నుంచి వస్తున్నారు కాబట్టి ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

పాతబెజవాడ | శనివారం, మధ్యాహ్నం 1:48

పద్మగారు స్క్రీన్ల సంగతి చెప్పారు. నేను గోడల సంగతి చెప్తాను.

గేటు దాటగానే లోపలికి పరిగెత్తకండి. పాత హాలు ముందు ఓ ఐదు నిమిషాలు నిలబడండి. లోపలున్న వస్తువులన్నీ ఎక్కడెక్కడి నుంచో తెచ్చి పెట్టినవి. ఆ హాలు ఒక్కటే తన చోట తానున్నది. నన్నడిగితే ఆ మ్యూజియంలో మొదటి వస్తువు ఆ భవనమే.

1887 జూన్ 27న దానికి శంకుస్థాపన జరిగింది. విక్టోరియా రాణి గద్దెనెక్కి యాభై ఏళ్లయిన సందర్భం. రాయి వేసింది అప్పటి కృష్ణా జిల్లా కలెక్టర్ రాబర్ట్ సూయల్. జిల్లా కేంద్రం బందరు, బెజవాడ అప్పటికి పెద్ద ఊరేం కాదు. 1855లో ఆనకట్ట పూర్తయ్యాక కాలవలొచ్చి, పడవల రాకపోకలు పెరిగి, ఊరు అప్పుడప్పుడే ఎదుగుతోంది. కృష్ణ మీద రైలు వంతెన కూడా లేదు, అది 1893 నాటి మాట. అలాంటి ఊళ్లో రాణి పేరు మీద ఒక హాలు కట్టించారు. అదీ మ్యూజియం కోసం కాదు, పరిశ్రమల్లో తయారయ్యే సరుకులూ పొలంలో పండే పంటలూ ప్రదర్శనకి పెట్టడానికి.

ఇక అసలు కథ. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమైంది. కోటి మంది సభ్యులు, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, ఇరవై లక్షల రాట్నాలు అని లక్ష్యాలు పెట్టుకున్నది ఇక్కడే. పింగళి వెంకయ్యగారు గాంధీగారికి జెండా ఇచ్చింది కూడా ఈ భవనంలోనే. రాణిగారి జూబిలీకి కట్టిన హాలు 34 ఏళ్లకి ఆ రాణి సామ్రాజ్యాన్ని పొమ్మనే జెండాకి చోటిచ్చింది. సూయల్ దొర ఊహించి ఉండడు!

పురావస్తు శాఖ దీన్ని మ్యూజియంగా మార్చింది 1962లో. అంటే మ్యూజియంగా దాని వయసు చిన్నదే, భవనంగానే పెద్దది.

మీ మామయ్యగారికి ముందు ఈ కథంతా చెప్పి తీసుకెళ్లండి. వెళ్లాక ఆయనే మీకు చెప్తారు.

గుంటూరు మిర్చి | శనివారం, మధ్యాహ్నం 2:20

సూపర్ పోస్ట్ అన్నా. మన జాతీయ జెండాని ఆ సభలోనే ఆమోదించారు అని మా పిల్లల బడిలో ఉపన్యాసం పోటీకి రాయించారు. మూడు రంగులు, మధ్యలో చక్రం, అన్నీ బెజవాడలోనే. గర్వంగా ఉంటుంది.

శాసనాల పిచ్చి | శనివారం, సాయంత్రం 6:15

మిర్చిగారూ, గర్వం ఉంచుకోండి, వివరం మాత్రం కాస్త మార్చుకోండి.

ఈ సంగతి గాంధీగారే 1921 ఏప్రిల్‌లో తన పత్రిక ‘యంగ్ ఇండియా’లో రాశారు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం ఉండేలా ఒక జెండా కావాలని బెజవాడలో ఆయన వెంకయ్యగారిని అడిగారు. వెంకయ్యగారు మూడు గంటల్లో తయారు చేసి తెచ్చారు. అయినా కమిటీ ముందు పెట్టే వేళ దాటిపోయింది. ఆలస్యం కావడం మంచిదే అయిందని కూడా గాంధీగారు రాశారు. ఎందుకంటే తర్వాత ఆలోచిస్తే, రెండు రంగులు రెండు మతాలకే సరిపోతున్నాయి, మిగతావాళ్ల మాటేమిటి అనిపించి తెలుపు చేర్చమన్నారు. రాట్నం ఉండాలన్న సూచన జలంధర్ వైపు నుంచి లాలా హంసరాజ్‌గారిది.

కాబట్టి బెజవాడలో గాంధీగారి చేతికి వచ్చింది ఎరుపు, ఆకుపచ్చ జెండా. తర్వాత వాడుకలోకి వచ్చినదాంట్లో పైన తెలుపు, మధ్య ఆకుపచ్చ, కింద ఎరుపు. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వరస 1931లో వచ్చింది. రాట్నం పోయి అశోక చక్రం వచ్చింది 1947 జూలై 22న, రాజ్యాంగ సభలో.

ఇందులో బెజవాడకి తగ్గిందేమీ లేదు. మూడు గంటల్లో జెండా తయారు చేసి తేవడం నాకైతే సభలో ఆమోదం కన్నా గొప్పగా కనిపిస్తుంది. వెంకయ్యగారు ఆ రోజు కొత్తగా మొదలుపెట్టలేదు కదా. 1916లోనే దేశానికి జెండా ఎలా ఉండాలో ముప్పై నమూనాలతో పుస్తకం వేసిన మనిషి. అడగడమే ఆలస్యం అన్నట్టు ఉన్నాడు.

కృష్ణలంక కుర్రోడు | శనివారం, సాయంత్రం 6:40

మరి ఆ ఒరిజినల్ గుడ్డ ముక్క ఎక్కడుంది సార్?

శాసనాల పిచ్చి | శనివారం, సాయంత్రం 6:52

ఒరిజినల్ అని చెప్పి చూపించేవి చాలా ఉంటాయి బాబూ. మ్యూజియంలో పక్కన రాసిన చీటీ చదవకుండా దేన్నీ నమ్మొద్దు. చీటీలో ‘నమూనా’ అని ఉందా, ‘అసలు’ అని ఉందా అన్నది ముందు చూడాలి.

లెక్కల మాస్టారు | శనివారం, రాత్రి 8:30

అమ్మా, మీ వాడికి ఒక పని చెప్పండి. వెళ్లేముందు ఒక తెల్ల కాగితం మీద నాలుగు గళ్లు గీయమనండి. బెజవాడ జెండా, తెలుపు చేరిన జెండా, 1931 జెండా, 1947 జెండా. ఒక్కోదానికీ రంగులు వేసి, ఏది ఎందుకు మారిందో కింద ఒక్క వాక్యం రాయమనండి. నేను మా ఎనిమిదో తరగతి పిల్లలతో చేయించాను. ఆ తర్వాత మ్యూజియంలో వాళ్లు గైడ్‌నే ప్రశ్నలడిగారు. ఊరికే తిప్పితే ఐస్‌క్రీం ఎప్పుడు సార్ అంటారు.

వెంకయ్యగారిది బందరు దగ్గర భట్లపెనుమర్రు అని కూడా చెప్పండి. పత్తి మీద చేసిన పనికి పత్తి వెంకయ్య అనీ, వజ్రాల మీద శ్రద్ధకి డైమండ్ వెంకయ్య అనీ పిలిచేవారు. పిల్లలకి ఇలాంటి ముద్దుపేర్లే గుర్తుంటాయి.

సత్యనారాయణపురం | ఆదివారం, ఉదయం 7:02

అందరూ స్క్రీన్లు అంటున్నారు కాబట్టి నా గోడు కూడా వినండి. వేరే ఊళ్లో ఒక మ్యూజియానికి వెళ్లాను, పేరెందుకులే. పెద్ద పెద్ద తెరలు పెట్టారు, సగం వెలగడం లేదు. వెలిగేదాని చుట్టూ పిల్లల గుంపు. పక్కనే వెయ్యేళ్ల నాటి విగ్రహం, దాని వంక చూసే నాథుడు లేడు. దాని కింద చీటీలో ‘విగ్రహం, రాయి’ అని రాసి ఉంది. రాయి అని నాకూ కనిపిస్తోంది కదండీ! ఏ ఊరిది, ఎవరు తవ్వారు, చెయ్యి ఎందుకు విరిగింది, అవి రాయండి. తెరకి పెట్టే ఖర్చులో పదోవంతు పెట్టినా మంచి చీటీలు వస్తాయి.

పటమట పద్మ | ఆదివారం, ఉదయం 8:15

చీటీల మాట నూరుపాళ్లు ఒప్పుకుంటా. కానీ తెరలకి చెడ్డపేరు పెట్టకండి. మా అత్తగారికి చూపు సరిగా ఆనదు. చిన్న అక్షరాల చీటీ ఆవిడ చదవలేదు. ఫోన్‌లో వినిపిస్తే కూర్చుని హాయిగా వింటుంది. మ్యూజియాలు చదువుకున్న, కళ్లు బాగున్న, కాళ్లు బాగున్న వాళ్ల కోసమేనా? అరండల్‌పేట వాళ్ల మామయ్యగారికి పనికొచ్చేది ఏదో చూడండి.

సత్యనారాయణపురం | ఆదివారం, ఉదయం 8:21

సరే. రెండూ పెట్టమనండి. నేను మాత్రం రాయినే చూస్తా.

శాసనాల పిచ్చి | ఆదివారం, ఉదయం 11:40

రాయి చూడాలంటే ఎలా చూడాలో చెప్తాను. ఈ మ్యూజియంలో తప్పకుండా చూడాల్సింది అల్లూరులో దొరికిన బుద్ధుడు. తెల్ల సున్నపురాయి, నిలువెత్తు విగ్రహం, క్రీ.శ. మూడు-నాలుగో శతాబ్దాల నాటిది. మన కృష్ణా తీరంలో అమరావతి, నాగార్జునకొండ శిల్పులు బుద్ధుణ్ణి మలిచే పద్ధతి ఒకటుంది. అది తెలిస్తే ఎక్కడ ఏ బుద్ధుణ్ణి చూసినా పోల్చుకోవచ్చు.

ముందు ముఖం చూడకండి, అందరూ అదే చూస్తారు. అంచు చూడండి. మన బుద్ధుడి వస్త్రానికి కింద, పాదాల పైన, బరువైన మందపాటి మడత ఉంటుంది. నిజంగా తడిగుడ్డ వేలాడుతున్నంత బరువు. అక్కడి నుంచి పైకి రండి. గుడ్డ మడతలు గీతలు గీతలుగా ఏటవాలుగా ఎడమ భుజం మీదికి వెళ్తాయి. కుడి భుజం మీద గుడ్డ ఉండదు. ఇక చేతులు. ఎడమ చేయి వస్త్రం కొసని పట్టుకుంటుంది, కుడి చేయి అభయం ఇస్తుంది. చాలా విగ్రహాలకి ఆ కుడి చేయే ముందుగా విరుగుతుంది, బయటికి చాచి ఉంటుంది కాబట్టి. ఇది చూశాక పక్కకి వెళ్లి ఒకసారి వైపునుంచి చూడండి. రాతి మందం తెలుస్తుంది.

ఈ మడత కృష్ణా తీరంతో ఆగిపోలేదు. సముద్రం దాటి శ్రీలంకలో, ఇంకా తూర్పున ఉన్న దేశాల్లో కూడా మన పద్ధతి బుద్ధులు కనిపిస్తారు. రేవుల్లోంచి పడవలు సరుకే కాదు, శిల్పం పద్ధతిని కూడా మోసుకెళ్లాయి.

ఇంకోటి. ఏ మ్యూజియంలోనైనా రాగి శాసనం కనిపిస్తే రేకుల మీద అక్షరాలు చూసి ఊరుకోకండి. రేకులన్నిటికీ కలిపి గుచ్చిన కడియం ఉంటుంది, దాని కలిసే చోట ముద్ర. వేంగి చాళుక్యులదైతే ‘శ్రీ త్రిభువనాంకుశ’ అని అక్షరాలు, వరాహం, సూర్యచంద్రులు, అంకుశం ఉంటాయి. అదే వాళ్ల రబ్బరు స్టాంపు. ముద్ర చెడకుండా ఉందంటే రేకులు మార్చలేదని అర్థం.

ఏలూరు కాలువ | ఆదివారం, మధ్యాహ్నం 12:30

బాగా చెప్పారు. కానీ నాకో సందేహం. అమరావతి ఇక్కడికి ఇంత దగ్గర కదా. మరి అక్కడి శిల్పాలు మద్రాసులోనూ లండన్‌లోనూ ఎందుకున్నాయి? మన దగ్గర మిగిలినవి ఇంతేనా?

పాతబెజవాడ | ఆదివారం, సాయంత్రం 5:05

మళ్లీ సూయల్ దగ్గరికే రావాలి.

1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు అమరావతి పట్నం కట్టించేటప్పుడు దీపాలదిన్నె, అంటే పాత స్తూపం ఉన్న దిబ్బ, తవ్వితే పాత రాళ్లు బయటపడ్డాయి. కొత్త కట్టడాలకి వాటిని వాడేశారు. 1798లో సర్వే అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే ఇంగ్లీషు అధికారి తవ్వించి మద్రాసు పంపాడు. వాటిలో చాలా భాగం తర్వాత లండన్ చేరింది. 1877లో తవ్విన మనిషి ఎవరనుకుంటున్నారు? ఇదే రాబర్ట్ సూయల్. అప్పుడతను జిల్లాలో చిన్న హోదాలో ఉన్న ఉద్యోగి. పదేళ్లకి కలెక్టరై బెజవాడ హాలుకి రాయి వేశాడు. 1900లో విజయనగరం మీద ‘ఎ ఫర్గాటెన్ ఎంపైర్’ రాసింది కూడా ఇతనే.

చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ ఏడో శతాబ్దంలో చూసిన రాజధాని అమరావతి పక్కనున్న ధరణికోట కాదు, బెజవాడే అని సూయల్ వాదించాడు కూడా. పండితులు తర్వాత ఒప్పుకోలేదనుకోండి. మన ఊరి మీద ఆ దొరకి మనసు పడిందన్నమాట నిజం.

ఇప్పుడు ఆలోచించండి. అమరావతి రాళ్లు బళ్ల మీద, పడవల మీద మద్రాసుకీ అక్కణ్ణించి లండన్‌కీ పోతున్న కాలంలో, వాటిని తవ్విన మనిషే ఇక్కడ ఒక హాలుకి రాయి వేశాడు. ఆ హాల్లో పెట్టాలనుకున్నది ధాన్యం బస్తాలూ చేతిపనులూ. పక్క ఊరి బుద్ధుడికి చోటు మాత్రం డెబ్బై ఐదేళ్ల తర్వాత గాని రాలేదు. అల్లూరు బుద్ధుడు ఇక్కడే ఉన్నాడంటే మన అదృష్టం అని నేను ఊరికే అనను.

గుంటూరు మిర్చి | ఆదివారం, సాయంత్రం 5:40

అయితే పేరు విక్టోరియా అనే ఉంచాల్సింది. చరిత్ర కదా. బాపు అని ఎందుకు మార్చారు? ఎవరి మెప్పు కోసం?

కృష్ణలంక కుర్రోడు | ఆదివారం, సాయంత్రం 5:44

రాణి పేరు మీద మీకెందుకంత మమకారం మిర్చిగారు 😀

నిర్వాహకుడు | ఆదివారం, సాయంత్రం 6:00

పేర్ల మీద చర్చ చేయండి, పార్టీల మీద వద్దు. వచ్చిన రెండు పోస్టులు తీసేశాను.

లెక్కల మాస్టారు | ఆదివారం, సాయంత్రం 6:35

పేరు ఏదైనా, 1887 తేదీ, 1921 తేదీ రెండూ గోడ మీద కనిపించాలి. ఒకటి చెరిపేస్తే రెండోదాని గొప్ప తెలియదు. మా పిల్లలు ‘ఇంగ్లీషు వాళ్లు కట్టిన దాంట్లో గాంధీ తాత ఎందుకెళ్లాడు సార్’ అని అడిగారు. ఆ ప్రశ్న పుట్టాలంటే రెండు పేర్లూ తెలియాలి.

పాతబెజవాడ | ఆదివారం, సాయంత్రం 6:50

మాస్టారి మాటే నా మాట. మేము ఇప్పటికీ ఆ వీధిని మ్యూజియం రోడ్డనే అంటాం. రాణిగారూ లేరు, బాపూ లేరు, అడ్రసు మాత్రం నిలిచింది.

అరండల్‌పేట అమ్మ | కొన్ని వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 9:15

అందరికీ థాంక్స్. కృష్ణలంక తమ్ముడి మాట విని దీపావళి దాటాకే వెళ్లాం. బస్టాండ్‌లో దిగి ఆటో ఎక్కాం. ముందు గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ. మా వాడు అక్కడే ఉండిపోదామన్నాడు.

మామయ్యగారు గేటు దగ్గర ఆగి భవనాన్ని చూస్తూ ఉండిపోయారు. ఎండ తగులుతోంది లోపలికి రండి అంటే, ఇది చూడమనే కదా ఎవరో నీకు చెప్పారు అన్నారు! మా వాడు కత్తుల దగ్గర, డాళ్ల దగ్గర అతుక్కుపోయాడు. ఇంత బరువు ఎత్తి ఎలా కొట్టారమ్మా అని అడిగాడు. నాలుగు జెండాల కాగితం తీసుకెళ్లాడు. రెండో గడిలో ఆకుపచ్చ పైన వేసి తెలుపు మధ్యలో పెట్టాడు. మామయ్యగారు సరిదిద్దారు. వాళ్లిద్దరి మధ్య ఎరుపు కింద ఎందుకు అన్నదాని మీద బస్సులో మంగళగిరి దాకా వాదన.

స్క్రీన్ల దగ్గర అనుకున్నంతసేపు లేడండీ. నొక్కి చూసి, ఇది మన ఇంట్లో కూడా ఉంది కదా అన్నాడు. మామయ్యగారు మాత్రం కూర్చుని శ్రద్ధగా విన్నారు. పద్మగారు, సత్యనారాయణపురంగారు, మీ ఇద్దరూ మాట్లాడుకోండి.

బుద్ధుడి అంచు చూశాను. నిజంగానే తడిగుడ్డలా బరువుగా ఉంది. ఆ మడత దగ్గరే చాలాసేపు ఉన్నాను.

ఇప్పుడు మామయ్యగారు అమరావతి అంటున్నారు. అక్కడ మ్యూజియం ఎలా ఉంటుంది? ఇంకో ప్రశ్న కూడా ఆయనదే. బెజవాడలో నన్నయకి ముందున్న పద్యాల శాసనం ఉందని చదివారట, అది మ్యూజియంలో కనిపించలేదు, ఎక్కడుంది అని అడగమన్నారు.

పటమట పద్మ | ఆదివారం, రాత్రి 9:32

ఇంట్లో కూడా ఉంది కదా అన్నాడా! సరే, ఈసారికి సత్యనారాయణపురంగారికి ఒక మార్కు.

ఏలూరు కాలువ | ఆదివారం, రాత్రి 10:01

అమరావతిలో స్తూపం దగ్గర కేంద్ర పురావస్తు శాఖ మ్యూజియం ఉంది, శుక్రవారం సెలవు. కాలచక్ర మ్యూజియం అని ఇంకోటి కూడా ఉంది. రెండూ ఒకే పూటలో చూడొచ్చు. స్తూపం చుట్టూ నడవాలి కాబట్టి పెద్దాయన్ని పొద్దున్నే తీసుకెళ్లండి. మీ గుంటూరులోనే బౌద్ధశ్రీ పురావస్తు మ్యూజియం ఉంది కదా, ముందు అది చూపించండి.

శాసనాల పిచ్చి | సోమవారం, ఉదయం 6:20

మాస్టారికి నమస్కారం చెప్పండి. ఆయన అడిగేది యుద్ధమల్లుడి శాసనం. అది మ్యూజియం వస్తువు కాదు, ఇంద్రకీలాద్రి మీద మల్లేశ్వరస్వామి గుడి దగ్గరి స్తంభం మీదిది. పదో శతాబ్దం. చాళుక్య యుద్ధమల్లుడు కార్తికేయుడికి గుడి, దానికి మఠం కట్టించిన సంగతి పద్యాల్లో ఉంటుంది. నన్నయ భారతానికి దాదాపు వందేళ్లు ముందు.

పెద్దాయన కొండ మెట్లు ఎక్కాల్సిన పనిలేదు, పైదాకా బండి వెళ్తుంది. పాత రాతి మీద అక్షరాలు మిట్టమధ్యాహ్నం కనిపించవు. పొద్దున గానీ సాయంత్రం గానీ ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు చూడాలి, గాట్లలో నీడ నిలిచి అక్షరం లేస్తుంది. లిపి ఇప్పటి మనది కాదు కాబట్టి పద్యాల పాఠం ముందే ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోమనండి. అవి మధ్యాక్కర అనే ఛందస్సులో ఉన్నాయి. పాదానికి రెండు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, మళ్లీ రెండు ఇంద్ర, ఒక సూర్య. ఆయనకి నేను చెప్పాలా!